ఎడమకే తిరిగే కార్లు: నాక్స్‌విల్‌లో ఒక శనివారం

"మట్టిలో గుండ్రంగా తిరిగే కార్లు చూడ్డానికి ఐదు గంటలు డ్రైవ్ చేస్తారా?" అంది మా ఆవిడ. అయోవాలో ఉండే బావమరిది మాత్రం రెండేళ్ళుగా ఒకటే పోరు, "ఒక్కసారి రా బావా" అని. షికాగో శివార్ల నుంచి మొక్కజొన్న చేల మధ్యగా ఐ-80 హైవే పట్టుకుని వెళ్ళాం.

నాక్స్‌విల్ చిన్న ఊరు, అయోవా రాజధాని డెమోయిన్‌కు 40 మైళ్ళు. అర మైలు మట్టి ట్రాక్, దాని రెండో మలుపు పక్కనే స్ప్రింట్ కార్ల, అంటే మట్టి ట్రాక్ మీద పరిగెత్తే చిన్న రేసు కార్ల, మ్యూజియం. ఆగస్టులో నాక్స్‌విల్ నేషనల్స్ అనే నాలుగు రాత్రుల రేసు పోటీ జరుగుతుంది, 1961లో మొదలైంది. ఆ వారం చుట్టుపక్కల రూము దొరకడమే గగనం. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మామూలు శనివారం రేసే మేలని నా అభిప్రాయం.

మ్యూజియం ముందు, రేసు తర్వాత. ఇది మాత్రం తప్పొద్దు. పాత కార్లలో డ్రైవర్ చుట్టూ బోను ఉండదు, భుజాల దాకా బయటే. వాటిని చూసొచ్చాక ఇప్పటి కారు ఎందుకంత వికారంగా ఉంటుందో అర్థమవుతుంది. నెత్తిన ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు రెక్క. గాలి దాన్ని కిందికి అదుముతుంటే టైర్లకు పట్టు దొరుకుతుంది. పల్టీ కొట్టినప్పుడు నలిగి దెబ్బను కొంత అదే తీసుకుంటుంది. వెనక కుడి టైరు ఎడమదానికన్నా పెద్దది. పేపర్ గ్లాసును నేల మీద దొర్లించండి, దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది కదా, అదే సూత్రంతో ఈ కారు ఎడమకు తిరుగుతుంది. తిన్నగా నడపాలంటేనే కష్టం.

డ్రైవర్‌తో కలిపినా బరువు సుమారు 640 కిలోలు, అంటే మన ఆల్టో కన్నా తక్కువ. ఇంజిన్ 6.7 లీటర్ల వీ8, దాదాపు 900 హార్స్‌పవర్. సెల్ఫ్ స్టార్టర్ లేదు, క్లచ్ లేదు. వెనక నుంచి ట్రక్కు తోస్తే స్టార్టవుతుంది. మా ఊరి బస్టాండులో బస్సును తోసిన రోజులు గుర్తొచ్చి నవ్వాను. నా నవ్వు మొదటి మలుపు దాకానే. ముక్కు ట్రాక్ లోపలి వైపు, బండి మాత్రం పక్కకు జారుతూ, రౌండుకు పదిహేను సెకన్లు అటూ ఇటూ. అంటే సగటున గంటకు 190 కిలోమీటర్లు.

మేము తక్కువ రేటని కింది వరసలో కూర్చున్నాం. పొరపాటు. మట్టి పెళ్ళలు ఒళ్ళో పడ్డాయి, పాప్‌కార్న్ పోయింది. పై వరసలే తీసుకోండి. కళ్ళద్దాలు, ఇయర్ ప్లగ్స్, కింద వేసుకోవడానికి కుషన్ తప్పనిసరి. శాకాహారులకు తిండి దాదాపు లేనట్టే, మేం పట్టుకెళ్ళిన పులిహోరే ఆదుకుంది.

ఎనిమిదో రౌండ్‌లో ఒక కారు ముందు చక్రం ఇంకోదాని వెనక చక్రాన్ని తాకింది. చక్రాలకు కవచం లేదు కాబట్టి తిరిగే టైరు మీదికి ఇంకో టైరు ఎక్కేస్తుంది, కారు గాల్లోకి లేస్తుంది. మూడు పల్టీలు. స్టాండంతా లేచి నిలబడింది. డ్రైవర్ దిగి చెయ్యి ఊపాకే అందరూ కూర్చున్నారు. ఇవి నడిచేది మిథనాల్ అనే ఆల్కహాల్‌తో. అంటుకుంటే పగటి వెలుగులో మంట సరిగా కనపడదు కూడా. సేఫ్టీ వాళ్ళు ఎందుకంత వేగంగా పరిగెత్తారో బావమరిది చెప్తే తెలిసింది.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. 2016లో ఇక్కడే నేషనల్స్ గెలిచిన జేసన్ జాన్సన్ 2018 జూన్‌లో విస్కాన్సిన్‌లో రేసు ప్రమాదంలో చనిపోయాడు. అమెరికా కార్ రేసుల సిరీస్ నాస్కార్‌లో మూడుసార్లు ఛాంపియన్ అయిన టోనీ స్టువర్ట్‌కు 2013లో పక్క ఊరు ఆస్కలూసాలోనే కుడికాలి ఎముకలు రెండూ విరిగాయి. మెడను పట్టి ఉంచే పరికరం, తలకు ఇరువైపులా ఆనే సీటు, చేతులు బోను బయటికి పోకుండా పట్టీలు, ఇన్ని ఉన్నా ఇంత. చూస్తున్నంతసేపూ సంబరమూ, సిగ్గూ రెండూ కలిగాయి నాకు.

బస పెల్లాలో, పదిహేను మైళ్ళ దూరం. 1847లో డచ్చివాళ్ళు కట్టుకున్న ఊరు. పెద్ద గాలిమర, బాదం ముద్ద కూరిన ఎస్ ఆకారపు డచ్ లెటర్స్ రెండూ బాగున్నాయి. మేం దిగిన మోటెల్ పేరెందుకు గానీ, ఏసీ రాత్రంతా స్ప్రింట్ కారులాగే మోగింది. తువ్వాళ్ళకు మట్టి అంటిందని అదనంగా 25 డాలర్లు వేశారు. ఊరు బాగుంది, బస బాగాలేదు.

ఆగస్టుకు రూములు ఇప్పుడే బుక్ చెయ్యమంటున్నాడు బావమరిది. మీ ఇంట్లోనే దిగుతాను, తువ్వాళ్ళు మాత్రం నల్లవి పెట్టు అన్నాను.