డ్రెయిన్లకు డబ్బు: బాండ్లా, హడ్కో అప్పా?

వానాకాలం మురుగు కదలని డెల్టా మున్సిపాలిటీలకు ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. బాండ్లంటే మార్కెట్లో మదుపరుల దగ్గర తెచ్చే అప్పు; హడ్కో అంటే ఇళ్లకు, పట్టణ పనులకు అప్పిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ.

ఖర్చు: బాండ్లకు రేటింగు, ట్రస్టీ (బాండ్లు కొన్నవారి తరఫున చూసేవారు), మర్చంట్ బ్యాంకరు (బాండ్ల అమ్మకం నడిపేవారు), లాయరు ఫీజులుంటాయి. తెచ్చే మొత్తం చిన్నదైనా ఇవి పెద్దగా తగ్గవు. హడ్కోకు ఇంత తతంగం లేదు.

శ్రమ: బాండ్లకైతే, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 నిబంధనల ప్రకారం మున్సిపాలిటీ గత 365 రోజుల్లో అప్పు ఎగ్గొట్టి ఉండకూడదు. బాండ్ల లాయరు ముందు అడిగేవి ఆడిట్ లెక్కలు, కౌన్సిల్ తీర్మానం. తీర్మానంలో ఎంత తెస్తారో, దేనికో స్పష్టంగా లేకపోతే ఫైలు వెనక్కే, మళ్లీ సమావేశమే. ప్రభుత్వ అనుమతి మాత్రం రెంటికీ కావాలి.

రిస్కు: బాండ్లకైతే ఎస్క్రో ఖాతాలోకి (అప్పు తీర్చడానికి విడిగా పెట్టే ఖాతా) చేరిన ఆస్తిపన్ను ముందు బాండ్ల వాయిదాకే, మిగిలిందే మున్సిపాలిటీకి. గడువు పెంచాలంటే హడ్కో అయితే ఒక్కరితోనే మాట్లాడొచ్చు.

విశాఖ 2018లో బాండ్లతో 80 కోట్లు తెచ్చింది. పన్ను వసూళ్లు గట్టిగా ఉంటే రాజమండ్రి, కాకినాడ ఆ దారి చూడొచ్చు. అమలాపురమంత ఊరికి హడ్కోయే నయం.