హన్మకొండ నుంచి డాలస్: టికెట్ మీద 23 గంటలు, మాకు పట్టింది 39

జూన్‌లో అమ్మను తమ్ముడి దగ్గరికి డాలస్ తీసుకెళ్లాను. టికెట్ మీద ప్రయాణం 23 గంటలని ఉంది. హన్మకొండలో ఇంటికి తాళం వేసింది మొదలు తమ్ముడి ఇంట్లో చెప్పులు విడిచేదాకా లెక్కేస్తే 39 గంటల 30 నిమిషాలు. పెద్దవాళ్లతో బయల్దేరేవాళ్లు ఈ రెండో లెక్క చూసుకోవాలి.

శంషాబాద్ నుంచి డాలస్‌కు భూగోళం మీద నేరుగా గీత గీస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. ఆ గీత ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. నేరుగా విమానం లేదు కాబట్టి దోహా మీదుగా వెళ్లాం. దోహాకు 2,900, అక్కడి నుంచి డాలస్‌కు 12,750. "అంత చుట్టు తిరిగి ఎందుకు?" అన్నాడు మా బావ. నిజానికి పెరిగేది 1,250 కిలోమీటర్లే. దోహాకు నాలుగున్నర గంటలు, తర్వాత ఒకే ఊపులో 16 గంటలు. తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు వెనక నుంచి తోస్తాయి కాబట్టి గంటో గంటన్నరో కలిసొస్తుంది.

ఇంకో టికెట్ 14 వేలు తక్కువకే వచ్చేది, కానీ మధ్యలో 9 గంటలు కూర్చోవాలి. వద్దనుకున్నాను. రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉంటే సామాన్లు నేరుగా డాలస్‌కే వెళ్తాయి, రెండున్నర గంటల విరామం చాలు. దోహాలో పసుపు రంగు పెద్ద టెడ్డీ బేర్ బొమ్మ దగ్గర అమ్మ ఫొటో దిగింది కూడా.

నేను పొరపాటు పడింది హోటల్ విషయంలో. తెల్లవారుజామున 4 గంటల విమానానికి ముందు రోజు మధ్యాహ్నం 2 గంటలకే బయల్దేరి, జనగామ, ఘట్‌కేసర్, ఔటర్ మీదుగా సాయంత్రం 6కి శంషాబాద్ దగ్గర ఒక హోటల్లో దిగాం. రూమ్ శుభ్రంగానే ఉంది. ఎయిర్‌పోర్ట్‌కు పది నిమిషాల్లో దింపుతామన్న వ్యాన్ మాత్రం అర్ధరాత్రి దాటాక 50 నిమిషాలు రాలేదు. సూట్‌కేసుల మీద చెయ్యేసుకుని అమ్మ లాబీలో కూర్చుంటే నాకు ఒకటే టెన్షన్. ఈసారి రాత్రి భోంచేసి నమ్మకమైన డ్రైవర్‌తో ఇంటి నుంచి నేరుగా వెళ్తాను.

వీల్‌చెయిర్ మాత్రం టికెట్ కొన్నప్పుడే తప్పక అడగండి. కౌంటర్ నుంచి విమానం తలుపు దాకా అమ్మ ఎక్కడా క్యూలో నిలబడలేదు. నడవా పక్క సీటు తీసుకున్నాం. రెండు గంటలకోసారి లేపి నడిపించాను, అయినా పాదాలు కొంచెం వాచాయి.

డాలస్‌లో దిగేసరికి అదే రోజు సాయంత్రం నాలుగున్నర. తినే వస్తువులున్నాయని ముందే చెప్పాం. ఆఫీసర్ రేకు డబ్బా మూత తీసి, పేపర్ మడతల మధ్య పేర్చిన సకినాలు చూసి ఏమిటని అడిగాడు. "బియ్యప్పిండి, నువ్వులు, వాము" అంది అమ్మ. నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. మూత పెట్టి పంపించాడు. నాలుగే విరిగాయి.

ఇల్లు చేరేసరికి రాత్రి 7. ఇంకా పొద్దు గుంకలేదు. అమ్మ గడియారంలో టైమ్ మార్చలేదు, అందులో తెల్లవారి ఐదున్నర. సోఫాలో కూర్చుంటూనే అడిగింది: "పాలాయనకు వద్దని చెప్పినవా బిడ్డా?"