కారులో స్కాట్లాండ్ కోటలు: తూర్పున అబర్డీన్‌షైర్ మేలా, పడమట స్కై దారి మేలా?

ఎడిన్‌బరాలో కారు అద్దెకు తీసుకుని, నాలుగైదు రోజుల్లో కోటలూ పల్లెసీమా చూసి రావాలనుకునేవాళ్లలో చాలామంది నేరుగా పడమటి దారి పడతారు. గ్లెన్‌కో లోయ, ఐలీన్ డోనన్ కోట, స్కై దీవి. క్యాలెండర్లలో కనిపించే స్కాట్లాండ్ అదే. ఈశాన్యాన అబర్డీన్‌షైర్ అనే ప్రాంతం ఉందనీ, శిథిలాలతో కలిపి అక్కడ 260కి పైగా కోటలున్నాయనీ ఎక్కువమంది చెవిన పడదు.

ముందే తేల్చి చెబుతున్నాం. కోట లోపల తిరగాలి, వంటగదీ పడకగదీ రహస్యపు మెట్లూ చూడాలి అనుకుంటే తూర్పుకే వెళ్లండి. కొండలూ నీళ్లూ మబ్బులూ కావాలి, మధ్యలో కోట కనిపిస్తే చాలు అనుకుంటే పడమరకు వెళ్లండి. నాలుగు రోజుల్లో రెండూ చుట్టేద్దామనుకుంటే రెండూ సరిగ్గా చూడలేరు.

దూరాల లెక్క

పడమటి చుట్టు ఇలా ఉంటుంది: ఎడిన్‌బరా నుంచి గ్లెన్‌కో మీదుగా ఫోర్ట్ విలియం, అక్కడి నుంచి గ్లెన్‌ఫినన్ వెళ్లి రావడం, తర్వాత ఐలీన్ డోనన్, స్కైలో పోర్ట్రీ, డన్‌వెగన్ కోట, తిరుగుదారిలో లాక్ నెస్ ఒడ్డున అర్కర్ట్ కోట, ఇన్వర్‌నెస్, మళ్లీ ఎడిన్‌బరా. మొత్తం సుమారు 950 కిలోమీటర్లు. ఇంత తిరిగితే టికెట్టు కొని లోపలికి వెళ్లే కోటలు మూడు. పోతూ పోతూ స్టిర్లింగ్‌లో ఆగితే నాలుగు.

తూర్పు చుట్టు సుమారు 650 కిలోమీటర్లు. ఎడిన్‌బరా నుంచి స్టోన్‌హేవెన్ దగ్గరి డనాటర్, అబర్డీన్, అక్కడ బస. మర్నాడు డ్రమ్, క్రేథ్స్, క్రెయిగీవార్. ఇంకో రోజు కాసిల్ ఫ్రేజర్, ఫైవీ. చివరి రోజు డీ నది వెంట బాల్మొరల్, బ్రేమార్ చూసుకుని గ్లెన్‌షీ కనుమ దాటి పెర్త్ మీదుగా తిరుగు ప్రయాణం. ఏడెనిమిది కోటలు. డ్రమ్ నుంచి క్రేథ్స్‌కు పావుగంట కూడా పట్టదు. పడమట అంత కాలంలో ఒక లాక్‌ను సగం చుట్టి రావడం కూడా కష్టం. (సరస్సునూ, నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయనూ స్కాట్లాండ్‌లో లాక్ అనే అంటారు.)

జీపీఎస్ చూపించే సమయాన్ని పడమట నమ్మకండి. ఊరు దాటాక మామూలు రోడ్డు మీద పరిమితి గంటకు 60 మైళ్లు, అంటే 96 కిలోమీటర్లు. ఒంటి వరుస కొండదారికీ అదే పరిమితి వర్తిస్తుంది, జీపీఎస్ కూడా ఆ లెక్కే వేస్తుంది. మలుపులతో, గొర్రెలతో, ఎదురొచ్చే క్యాంపర్‌వ్యాన్‌లతో 40 కిలోమీటర్ల వేగం నిలిస్తే గొప్ప. చూపించిన సమయానికి మూడో వంతు కలుపుకోండి.

పడమట శిథిలాలు, తూర్పున ఇళ్లు: ఎందుకు?

ఈ తేడా అర్థమైతే ఎటు వెళ్లాలో సగం తేలిపోతుంది. పడమటి కోటల్లో చాలావాటిని జాకబైట్ యుద్ధాలు, అంటే గద్దె దిగిపోయిన జేమ్స్ రాజు వంశాన్ని తిరిగి గద్దెనెక్కించాలని సాగిన తిరుగుబాట్లు, మింగేశాయి. అర్కర్ట్ కోటను శత్రువు చేతికి చిక్కకూడదని అందులోని ప్రభుత్వ సైనికులే 1692లో వెళ్లిపోతూ మందుపాతర పెట్టి పేల్చేశారు. గ్లెన్‌కోలో తమకు పన్నెండు రోజులు తిండీ చోటూ ఇచ్చిన మాక్‌డోనల్డ్ వంశం వాళ్లను సైనికులు తెల్లవారకముందే చంపిందీ ఆ ఏడాదే, ఫిబ్రవరి 13న. ఐలీన్ డోనన్‌లో జాకబైట్లకు సాయంగా వచ్చిన స్పెయిన్ సైనికులు కొందరు దిగి ఉండగా 1719లో మూడు ప్రభుత్వ నౌకాదళ ఓడలు ఫిరంగులతో కొట్టాయి, తర్వాత పేల్చేశారు. రెండు వందల ఏళ్లు అది రాళ్లకుప్పగానే ఉంది. ఇవాళ మనం ఫోటో తీసుకునే కోట 1912, 1932 మధ్య తిరిగి కట్టింది. దాని మీదికి వెళ్లే రాతి వంతెన కూడా అప్పటిదే. మూడు లాక్‌లు కలిసే ఆ చోటు మాత్రం ఎంత పొగిడినా తక్కువే. సాయంత్రం పోటు వచ్చి నీళ్లు నిండినప్పుడు చూడాలి. పోటు తీసిన వేళ వెళ్తే చుట్టూ నాచు పట్టిన బురద కనిపిస్తుంది, కాబట్టి దగ్గర్లోని కైల్ ఆఫ్ లాక్‌ఆల్ష్ ఊరి ఆటుపోట్ల వేళలు ముందు రోజే చూసుకోండి.

డన్‌వెగన్ దీనికి మినహాయింపు. మాక్‌లౌడ్ వంశం దాదాపు 800 ఏళ్లుగా దాన్ని వదల్లేదు. ఫెయిరీ ఫ్లాగ్ అని వాళ్లు ప్రాణంగా దాచుకున్న జీర్ణమైన పట్టు గుడ్డ లోపలే ఉంది.

అబర్డీన్‌షైర్‌లో ఎక్కువగా కనిపించేవి టవర్ హౌస్‌లు. ఇవి సైన్యం కోసం కట్టిన దుర్గాలు కావు, భూస్వాముల ఇళ్లు. దొంగదాడికి తట్టుకునేంత గట్టిగా, అడ్డంగా పరచకుండా నిలువుగా లేపారు. మనుషులు కాపురం ఉంటూ వచ్చారు కాబట్టి నిలిచాయి.

వీటిలో ఒక్కటే చూసే వీలుంటే క్రెయిగీవార్ చూడండి. బాల్టిక్ వ్యాపారంలో గడించిన విలియం ఫోర్బ్స్ 1626లో పూర్తి చేయించిన కోట. కింది అంతస్తుల్లో గోడ నున్నగా, ఒక్క అలంకారం లేకుండా పైకి వెళ్తుంది. బుడిపెలూ బురుజులూ అన్నీ పైనే విచ్చుకుంటాయి. గులాబీ రంగు దూరం నుంచి చూస్తే పెయింటులా అనిపిస్తుంది కానీ దగ్గరికెళ్లి చూస్తే గరుకుగా ఉంటుంది. సున్నపు గచ్చులో చిన్న గులకరాళ్లు కలిపి గోడకేసి విసిరి కొట్టిన పూత అది. హార్లింగ్ అంటారు. దాని మీద రంగు కలిపిన సున్నం పొరలు పొరలుగా కొడతారు. సున్నం తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. అదే సిమెంటు పూస్తే పగుళ్లలోంచి దిగిన వాన లోపలే చిక్కుకుని రాయిని తినేస్తుంది. మన పాత మిద్దెలకు సిమెంటు పూసి గోడ చెమ్మెక్కించుకున్నవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

తలుపు దగ్గర ఇంకో నిమిషం నిలబడండి. కొయ్య తలుపుతో పాటు అల్లిక పెట్టిన ఇనుప తలుపు ఒకటుంటుంది. యెట్ అంటారు. మామూలు గ్రిల్‌లా అడ్డకమ్మీల మీద నిలువు కమ్మీలు పరచి బిగించింది కాదు. ఒక మూలలో నిలువు కమ్మీ అడ్డకమ్మీని పొడుచుకుని వెళ్తుంది, పక్క మూలలో అడ్డకమ్మీ నిలువుదాన్ని పొడుచుకుని వెళ్తుంది. అందుకే ఒక్క కమ్మీని కూడా ఊడబెరకడం కుదరదు. ఈ కోట పై అంతస్తుల్లో కరెంటు దీపాలు లేవు, కిటికీ వెలుతురులోనే చూడాలి. లోపలికి గైడుతో చిన్న చిన్న జట్లుగానే పంపుతారు. వేసవి వారాంతాల్లో బుక్ చేసుకోకుండా వెళ్తే బయటి నుంచి చూసి రావాల్సిందే.

కాసిల్ ఫ్రేజర్‌లో పెద్ద హాలు పక్క గోడలో దొర రహస్యంగా మాటలు వినే గూడు ఉంది, పిల్లలు దాన్ని వదిలి రారు. ఫైవీలో ఐదు బురుజులు, విశాలమైన చుట్టుమెట్లు. డనాటర్‌కి పైకప్పు లేదు, సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ మీద శిథిలం. ఇంగ్లాండు నేత క్రామ్‌వెల్ సేన ముట్టడించినప్పుడు స్కాట్లాండ్ కిరీటం, రాజదండం, ఖడ్గం అక్కడే దాచారు. 1652లో కోట లొంగిపోయేలోపే వాటిని దాటించి, కిన్నెఫ్ ఊరి చర్చి నేల కింద పాతి, 1660 దాకా కాపాడారు. ఆ మూడూ ఇప్పుడు ఎడిన్‌బరా కోటలో ఉన్నాయి. మొదటి రోజు అక్కడ వాటిని చూసి, తర్వాత డనాటర్ వెళ్తే ఆ రాళ్లు వేరేగా కనిపిస్తాయి. అక్కడ దిగి ఎక్కే మెట్లు రెండు వందల పైచిలుకు. గాలి బలంగా ఉంటే మూసేస్తారు, ఉదయమే వాళ్ల వెబ్‌సైటు చూసి బయల్దేరండి.

టికెట్లు

ఇక్కడే డబ్బు ఎక్కువగా వృథా అవుతుంది. స్కాట్లాండ్‌లో రెండు వేర్వేరు సంస్థలున్నాయి, ఒకదాని పాసు ఇంకోదానికి చెల్లదు. క్రెయిగీవార్, క్రేథ్స్, డ్రమ్, ఫ్రేజర్, ఫైవీ నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్‌వి. ఎడిన్‌బరా, స్టిర్లింగ్, అర్కర్ట్, డూన్, హంట్లీ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్‌వి. ఐలీన్ డోనన్, డన్‌వెగన్, డనాటర్, బాల్మొరల్ ఈ రెండింటి కిందా రావు. తూర్పు చుట్టుకు ట్రస్ట్ సభ్యత్వం మూడు నాలుగు కోటలకే గిట్టుబాటవుతుంది, పార్కింగ్ కూడా కలిసొస్తుంది. పడమటి చుట్టులో కోటలు విడివిడిగా ఉంటాయి కాబట్టి పాసు కొనడం దండగ. స్టిర్లింగ్, ఎడిన్‌బరా, అర్కర్ట్ మూడూ చూస్తేనే హిస్టారిక్ వాళ్ల ఎక్స్‌ప్లోరర్ పాసు గురించి ఆలోచించండి.

చలికాలంలో ట్రస్ట్ కోటల్లో చాలా వాటి లోపలి భాగం మూసి ఉంటుంది. బాల్మొరల్ ఏప్రిల్ ప్రాంతం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకానే, తర్వాత రాజకుటుంబం దిగుతుంది. ఎక్కడైనా చివరి ప్రవేశం మూసే వేళకు ముప్పావుగంటో గంటో ముందే అయిపోతుంది.

కారు, రోడ్డు

మన దేశపు లైసెన్సుతో బ్రిటన్‌లో అడుగుపెట్టిన నాటి నుంచి 12 నెలలు కారు నడపవచ్చు. అక్కడే స్థిరపడ్డవాళ్లకు ఆ గడువు దాటితే పాత లైసెన్సు చెల్లదు, మార్చి ఇవ్వరు, పరీక్ష రాయాల్సిందే. ఎడమవైపు నడపడం, కుడివైపు స్టీరింగు మనకు అలవాటే. తడబడేది రౌండ్‌అబౌట్ దగ్గర. కుడి నుంచి వచ్చేవాళ్లకు దారి ఇచ్చాకే లోపలికి దూరాలి, హారన్ కొట్టి చొరబడకూడదు.

స్కైలో ఫెయిరీ పూల్స్, క్విరాంగ్ వైపు వెళ్లే దారులు ఒంటి వరుసవి. వంద రెండొందల మీటర్లకొకటి పాసింగ్ ప్లేస్ అని బోర్డున్న వెడల్పు చోటు ఉంటుంది. అది మీ ఎడమన ఉంటే అందులోకి తప్పుకోండి. కుడివైపున ఉంటే అటు దాటకండి, దానికి ఎదురుగా రోడ్డు మీదే ఆగితే ఎదుటివాళ్లే అందులోకి తిరిగి మిమ్మల్ని దాటిపోతారు. ఎత్తు ఎక్కే బండికి ముందు దారి. వెనక ఎవరైనా తొందరలో ఉంటే పక్కకు జరిగి పోనివ్వండి, వాళ్లు డ్యూటీకి వెళ్లే స్థానికులు. ఫోటో కోసం పాసింగ్ ప్లేస్‌లో కారు నిలపడం పెద్ద తప్పు.

ఎదుటి బండికి చోటివ్వాలని ఎడమ చక్రాన్ని గడ్డిలోకి దించితే తారు అంచు టైరు పక్కగోడను కోసేస్తుంది. అద్దె కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు, పంక్చరు ద్రావణం సీసా మాత్రమే ఉంటుంది. పక్కగోడ తెగితే ఆ సీసా పనికిరాదు. కారు తీసుకునేటప్పుడే డిక్కీ ఎత్తి చూడండి, ఇన్సూరెన్సులో టైర్లూ అద్దాలూ కింది భాగమూ ఉన్నాయో లేదో అడగండి.

తూర్పున ఈ గొడవ తక్కువ, రోడ్లు రెండు వరుసలవి. ఒక్క గ్లెన్‌షీ కనుమ మాత్రం 670 మీటర్ల ఎత్తు, బ్రిటన్ ప్రధాన రహదారుల్లో అదే అన్నిటికంటే ఎత్తు. చలికాలంలో మంచు పడితే గేట్లు వేసేస్తారు. ఇన్వర్‌నెస్ నుంచి దక్షిణానికొచ్చే ఏ9 మీద సగటు వేగం కొలిచే కెమెరాలున్నాయి, ఒక్కచోట బ్రేకు వేసి తప్పించుకోవడం కుదరదు.

స్పేసైడ్ విస్కీ డిస్టిలరీలు అబర్డీన్‌షైర్‌కు ఆనుకునే ఉంటాయి. స్కాట్లాండ్‌లో డ్రైవరు రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాలే హద్దు, ఇంగ్లాండులో 80. రుచి చూపించే చోట డ్రైవర్ డ్రామ్ అడిగితే చాలాచోట్ల మీ వాటా విస్కీని తర్వాత తాగేలా చిన్న సీసాలో పోసి చేతికిస్తారు.

వాన, దోమలు, పెద్దవాళ్లు

ఫోర్ట్ విలియం ప్రాంతంలో ఏడాదికి దాదాపు 2000 మిల్లీమీటర్ల వాన. అబర్డీన్‌లో సుమారు 800, అంటే హైదరాబాదుకు అటూఇటూ, కాకపోతే ఏడాది పొడుగునా చినుకులుగా. వాన పడితే తూర్పున కోటలోకి వెళ్లిపోవచ్చు. పడమట మబ్బు దిగితే గ్లెన్‌కో ఉన్నట్టే కనిపించదు, ఆ రోజు పోయినట్టే. మే నుంచి సెప్టెంబరు దాకా గాలి లేని సాయంత్రాల్లో మిడ్జ్‌లనే సన్నటి కుట్టే పురుగులు పడమట గుంపులుగా వస్తాయి. కాస్త గాలి వీస్తే ఎగరలేవు.

వేసవిలో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మాత్రం మా లెక్క కొంత మారుతుంది. టవర్ హౌస్ అంటేనే ఇరుకైన చుట్టుమెట్లు, పట్టుకోవడానికి తాడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కింది అంతస్తే దక్కుతుంది. వాళ్లకు క్రేథ్స్ తోట బాగుంటుంది, అక్కడి యూ చెట్ల కంచెలు 1702 నాటివి. కారులో కూర్చునే చూడగలిగేది పడమరే, గ్లెన్‌కో అందమంతా రోడ్డు పక్కనే ఉంది. మలుపుల్లో కడుపు తిప్పేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఎటు వెళ్లినా పల్లె హోటళ్లలో రాత్రి ఎనిమిది దాటితే పొయ్యి ఆర్పేస్తారు, జూన్‌లో పది దాకా వెలుతురుంటుంది కాబట్టి ఆ సంగతి గుర్తుండదు. డబ్బాలో పులిహోర ఉంటే దిగులుండదు.

జూలై, ఆగస్టుల్లో స్కైలో గది కావాలంటే నెలల ముందు పట్టుకోవాలి. దొరక్కపోతే ఆ ఏడాదికి తూర్పే మేలు, అబర్డీన్ నగరంలో గదులకు ఇబ్బంది ఉండదు.

చేతిలో రెండు రోజులే ఉంటే ఈ రెండు దారులూ వద్దు. స్టిర్లింగ్‌లో బస చేసి స్టిర్లింగ్ కోట, డూన్, లిన్‌లిత్‌గో, లాక్ లెవెన్ చూడండి. స్కాట్లాండ్ రాణి మేరీని 1567లో బంధించిన లాక్ లెవెన్ కోట ద్వీపం మీద ఉంది, చిన్న పడవలో వెళ్లాలి. సీట్లు కొన్నే, ఆఖరి పడవ మధ్యాహ్నానికే నిండిపోతుంది. ఆ టికెట్టు ముందు తీసుకుని, మిగతావాటిని దాని చుట్టూ సర్దుకోండి.