కుండీ మొక్కకు రోజూ కాసిని నీళ్లా, ఆరుతడా? ఎరువు నెలకోసారా, వారం వారమా?

"మందారకి ఎన్ని రోజులకోసారి నీళ్లు పొయ్యాలి? ఎరువు నెలకి ఎన్నిసార్లు?" మొక్కలు పెంచుతానని తెలిసినవాళ్లు నన్ను అడిగేవి దాదాపు ఈ రెండే. ఓ అంకె చెప్పేస్తే వాళ్లకీ హాయి, నాకూ హాయి. కానీ మా ఇంట్లోనే ఒకే తల్లికొమ్మ నుంచి తీసిన రెండు మందారాలున్నాయి. ఒకటి మట్టి కుండీలో, ఇంకోటి అంతే సైజు ప్లాస్టిక్ కుండీలో. ఇద్దరికీ అదే ఎండ, అదే మట్టి. ఎండాకాలంలో మట్టి కుండీది రోజూ నీళ్లడుగుతుంది, ప్లాస్టిక్‌ది మూడోనాటికి గానీ అడగదు. ఇక అంకె ఏమని చెప్పను?

కాబట్టి రోజుల సంగతి పక్కనపెట్టి పద్ధతుల సంగతి చూద్దాం. నీళ్ల విషయంలో జనం రెండు రకాలు: రోజూ పొద్దున్నే తలా ఓ గ్లాసు పోసేవాళ్లు, మట్టి పదును చూసి అడుగు చిల్లులోంచి నీళ్లు కారేదాకా పోసేవాళ్లు. రెండోదాన్ని పొలం మాటలో ఆరుతడి అనుకోవచ్చు.

రోజూ గ్లాసు పద్ధతిలో సుఖం లేకపోలేదు. అలవాటుగా సాగిపోతుంది, మరచిపోం. నారు మొక్కలకూ, అరచేతిలో ఇమిడే చిన్న కుండీలకూ, పుదీనాలాంటి నీటి పిచ్చి మొక్కలకూ అదే సరైనది. పెద్ద కుండీలోనే తేడా కొడుతుంది. ఆ గ్లాసుడు నీళ్లు పైన రెండు అంగుళాలు తడిపి ఆగిపోతాయి. వేళ్లు తడి ఉన్నచోటికే చేరి పైపైనే అల్లుకుంటాయి, ఒక్కరోజు ఎండ ముదిరితే ముందు మాడేవి అవే. పైమట్టి ఎప్పుడూ చెమ్మగా ఉంటే చిన్న నల్ల దోమల్లాంటి పురుగులు కూడా కాపురం పెడతాయి.

అయితే నా దృష్టిలో అసలు తీర్పు చెప్పేది తడి కాదు, గాలి. నిండా పోసిన నీళ్లు కిందికి జారిపోతుంటే, ఆ ఖాళీల్లోకి వెనకాలే గాలి దిగుతుంది. వేరు బతికేది ఆ గాలితోనే. పొలంలో అయితే ఎక్కువైన నీరు ఇంకడానికి లోతుంది. కుండీకి అడుగుంది. ఆ అడుగున, ఎన్ని చిల్లులున్నా, కొంత మందాన మట్టి నీళ్లు పట్టుకునే ఉంటుంది. అడుగున గులకరాళ్లు పోస్తే మేలని చాలామంది నమ్మకం. నిజానికి రాళ్లు పోస్తే ఆ తడిపొర ఇంకాస్త పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది తప్ప పోదు. అది ఆరకముందే మళ్లీ మళ్లీ పోస్తుంటే మొక్క ఉరకెత్తుతుంది, అంటే నీరెక్కువై నీరసిస్తుంది. ఊపిరాడని వేరు నీళ్లు తాగలేదు, ఆకులు వాలిపోతాయి. మనమేమో దాహమనుకుని ఇంకో గ్లాసు పోస్తాం. నేను ఓ గులాబీని సరిగ్గా ఇలాగే చంపాను. పీకి చూస్తే వేళ్లు గోధుమరంగులో మెత్తగా, వాసనేస్తూ ఉన్నాయి.

అందుకే నా ఓటు ఆరుతడికి. ఆరిందని ఎలా తెలుస్తుందంటే, కుండీ ఎత్తి చూడండి. లీటరు నీళ్లంటే కిలో బరువు. నిండుగా పోసిన రోజు ఓసారి, రెండు రోజులాగి ఓసారి ఎత్తితే చెయ్యే చెప్పేస్తుంది. ఎత్తలేనంత పెద్దదైతే వేలు రెండు కణుపులదాకా గుచ్చండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువున్న మిశ్రమాన్ని కంటితో నమ్మొద్దు, పైన ఎండి కనిపిస్తూనే లోపల తడిగా ఉంటుంది. చవక తేమ మీటర్లు నాకు అక్కర్లేదు. చాలావరకు అవి చూసేది మట్టిలో కరెంటు పారే తీరు, ఎరువు ఉప్పులుంటే అది మారిపోతుంది.

ఆరుతడికీ ఓ తిప్పలుంది. మరీ ఎండనిస్తే కోకోపీట్ కుంచించుకుపోయి అంచులు వదులుతుంది. పోసిన నీళ్లు పక్కల నుంచి జారి పళ్లెంలోకి వచ్చేస్తాయి, తడిసిందనుకుని మనం వెళ్లిపోతాం. అప్పుడు పది నిమిషాలాగి రెండో విడత పొయ్యాలి, లేదా కుండీని అరగంట నీళ్ల తొట్టిలో ఉంచాలి.

ఎరువు దగ్గర మాత్రం నా లెక్క తిరగబడుతుంది. నీళ్లు ఆగి ఆగి నిండుగా, ఎరువు తరచుగా పలుచగా. జనం సరిగ్గా దీనికి ఎదురు చేస్తారు. నెలకోసారి గుప్పెడు వేసేస్తే ఆ ఉప్పుల గాఢతకు వేరు నీళ్లు లాక్కోలేదు, ఆకుల కొనలు మాడతాయి. మిగిలిందాంట్లో ముఖ్యంగా నత్రజని తర్వాతి నాలుగైదు తడుల్లోనే చిల్లులోంచి పోతుంది. ఆపైన మొక్కకు పస్తు. యూరియాలో 46 శాతం నత్రజనే, కుండీలో చిటికెడు ఎక్కువైనా ప్రమాదం. నేను 19-19-19 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ తలా 19 శాతం ఉండే ఎరువు) లీటరుకు అర గ్రాము కలిపి, పెరుగుతున్న రోజుల్లో వారానికోసారి పోస్తాను. తీరిక లేనివాళ్లు 1 గ్రాము చొప్పున పదిహేను రోజులకోసారి పోసుకోవచ్చు. ఏదైనా ముందు మామూలు నీళ్లతో తడిపాకే. కుండీ అంచున తెల్లటి పొర కడితే చౌడు తేలినట్టే. ఆ రోజు ఎరువు మాని, కుండీ పట్టేదానికి రెండు మూడింతల నీళ్లు పోసి కడిగెయ్యాలి.

పైన పొర పూసిన, నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు సౌకర్యమే, మూడు నాలుగు నెలలు చూసుకోనక్కర్లేదు. కానీ వేడి పెరిగితే అవి త్వరగా వదిలేస్తాయి, పగ్గం మన చేతిలో ఉండదు. వర్మీకంపోస్టులో పోషకాలు తక్కువే అయినా మట్టి గుల్లబారుతుంది, రెండు నెలలకో గుప్పెడు వేస్తూనే ఉంటాను. కొత్తగా కుండీ మార్చినదానికి ఓ నెల, పెరుగుదల ఆగి నిద్రలో ఉన్నదానికి, జబ్బుపడ్డదానికి అసలు ఎరువే వద్దు. వాడిపోతోందని బలానికి ఎరువు వేసేవాళ్లను చూస్తే నాకు భయం.

కలబంద, స్నేక్ ప్లాంటు లాంటివి పూర్తిగా ఎండాకే తడపాలి, ఎరువు ఏడాదికి రెండుసార్లయినా సరిపోతుంది. అడుగున నీటి తొట్టి ఉండే కుండీల్లో నీరెప్పుడూ పైకే ఎక్కుతుంది కాబట్టి ఉప్పంతా పైన పేరుకుంటుంది. అప్పుడప్పుడు పైనుంచి పోసి కడిగే ఓపికుంటే కొనుక్కోండి.

వారం రోజులు ఊరెళ్లేవాళ్లు కుండీలను నీడకు జరిపి, నిండుగా తడిపి వెళ్తే చాలా మొక్కలు తట్టుకుంటాయి. బయల్దేరే ముందు మాత్రం ఎరువు పోయకండి. మట్టి ఆరేకొద్దీ ఆ ఉప్పు చిక్కబడుతుంది, కడగడానికి ఇంట్లో మనిషుండడు.