వాబాష్ నది ఒడ్డున న్యూ హార్మొనీ: రెండు రాత్రుల బస

జూన్ నెల మధ్యలో మా అమ్మనూ నాన్నగారినీ వెంటబెట్టుకొని అమెరికాలోని ఇండియానా రాష్ట్రపు నైరుతి కొసన ఉన్న న్యూ హార్మొనీ అనే ఊరికి వెళ్ళాము. ఊరి జనాభా సుమారు ఏడు వందలు. నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్ వారు కిందటి రాకలోనే చూశారు కనుక, ఈసారి ఇక్కడి పల్లె ఎలా ఉంటుందో చూపించమని నాన్నగారు అడిగారు. తెనాలి ప్రాంతంలో సహకార బ్యాంకు ఉద్యోగిగా ముప్పై ఏళ్ళు గడిపిన ఆయనకు సహకారోద్యమ పితామహుడిగా రాబర్ట్ ఓవెన్ పేరు శిక్షణ తరగతుల నాటి నుంచీ తెలుసు. ఆ ఓవెన్ తన డబ్బు పోసి కొని, రెండేళ్ళలో నడపలేక వదిలేసిన ఊరు మా ఇంటికి మూడు గంటల దూరంలోనే ఉందని చెప్పగానే ఇక వేరే ఊరి మాట రాలేదు.

దారిలో చేసిన పొరపాటు ముందే చెప్పాలి. మేము బయలుదేరిన ఇండియానాపొలిస్ తూర్పు కాలమానంలో ఉంటుంది, న్యూ హార్మొనీ ఉన్న పోసీ కౌంటీ దానికన్నా గంట వెనుక ఉండే మధ్య కాలమానాన్ని పాటిస్తుంది. రాష్ట్రం ఒకటే కదా అనే ధీమాతో కారులోని గడియారాన్ని నమ్మి, ఆలస్యమైపోయిందని పరుగు పరుగున చేరి, చివరికి గంట ముందు వచ్చి కూర్చున్నాము. అరవై నాలుగో అంతర్రాష్ట్ర రహదారి దిగి దక్షిణంగా తిరిగిన తరువాత పెద్ద దుకాణాలేవీ తగలవు కనుక పెట్రోలు, మందులు, పిల్లల సరుకులు ఎవాన్స్‌విల్‌లోనే తీసుకోవడం మంచిది.

ఊరి కథ 1814లో మొదలవుతుంది. జర్మనీలోని వుర్టెంబర్గ్ నుంచి వలస వచ్చిన జార్జ్ రాప్ అనే మతగురువు, క్రీస్తు పునరాగమనం దగ్గరలోనే ఉందని నమ్మిన తన అనుచరులతో పెన్సిల్వేనియా నుంచి ఇక్కడికి తరలివచ్చి అడవి కొట్టించాడు. తొలి ఏళ్ళలో మలేరియా చాలామందిని బలి తీసుకుంది. ఆస్తి ఉమ్మడి, బ్రహ్మచర్యం నియమం, పని అందరిదీ. ఆ క్రమశిక్షణతో పదేళ్ళలో దాదాపు ఎనిమిది వందల మంది కలిసి సుమారు నూట ఎనభై కట్టడాలు లేపి, బట్టా విస్కీ నదుల మీదుగా దూర ప్రాంతాలకు అమ్మే స్థితికి వచ్చారు. అంతా కుదుటపడ్డాక ఊరు మొత్తాన్నీ అమ్మేసి మళ్ళీ పెన్సిల్వేనియాకే వెళ్ళిపోయారు.

1825లో దానిని కొన్న ఓవెన్ వేల్స్‌లో పుట్టి, స్కాట్లాండులోని న్యూ లానార్క్ నూలు మిల్లులతో పేరు తెచ్చుకున్నవాడు. మతం ఊసు లేకుండా, విద్యతో, సమానత్వంతో కొత్త సమాజాన్ని నిర్మిస్తానని పిలుపునిస్తే జనం వచ్చారు గాని, వచ్చినవారిలో చేతిపని తెలిసినవారికన్నా మాట్లాడగలిగినవారు ఎక్కువయ్యారు. ఆయన కూడా ఎక్కువ కాలం ఊళ్ళో నిలవలేదు. 1827 నాటికి సమాజం విచ్ఛిన్నమయింది. నాన్నగారు దీనిని విని, "సభ్యత్వం ఇచ్చేటప్పుడు వడపోత లేకపోతే ఏ సంఘమైనా ఇంతే" అని బ్యాంకు భాషలో తేల్చేశారు.

చూడవలసినవాటిలో మొదటిది ఎథీనియం. రిచర్డ్ మైయర్ రూపకల్పనలో 1979లో పూర్తయిన ఈ సందర్శకుల కేంద్రం తెల్లని ఎనామెల్ పలకలతో, నది వైపు పచ్చిక మీద ఓడలా నిలబడి ఉంటుంది. లోపల వాలు దారి ఉన్నందున మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మ ఇబ్బంది లేకుండా పైకి వచ్చింది. నిజం చెప్పాలంటే, చుట్టూ ఉన్న సాదా చెక్క ఇళ్ళ మధ్య ఈ కట్టడం తన గొప్ప తాను చెప్పుకుంటున్నట్లే నాకు అనిపించింది. అయినా పై అంతస్తు నుంచి నదినీ ఊరినీ ఒక్క చూపులో చూశాక ఆ ఫిర్యాదు సగం తగ్గింది.

మార్గదర్శితో కలిసి నడిచే పర్యటనకు టికెట్టు ఇక్కడే కొన్నాము. సొంతంగా తిరిగితే ఇళ్ళ గోడలు కనిపిస్తాయి, మార్గదర్శితో వెళితే ఆ గోడల్లో ఏముందో తెలుస్తుంది కనుక ఆ డబ్బుకు వెనుకాడవద్దు. రాప్ అనుచరులు దూలాలను ఒకే కొలతకు కోసి, వాటి మీద రోమన్ అంకెలు చెక్కి, తరువాత ఇంటి స్థలంలో జత చేసేవారట. చలి ఆగడానికి చెక్క బద్దలకు గడ్డి, మట్టి చుట్టి దూలాల సందుల్లో బిగించేవారు. వాటిని ఇక్కడ డచ్ బిస్కెట్లు అంటారు. మా పల్లెల్లో తాటాకు కప్పు కింద మట్టి అటక వేసేది కూడా ఇందుకేనని అమ్మ అన్నప్పుడు మార్గదర్శి ఆ మాటను నా చేత రెండుసార్లు చెప్పించుకుంది.

రాప్ బృందం శ్మశానం దగ్గర మాత్రం మేము చాలాసేపు నిలిచిపోయాము. ఇటుక ప్రహరీ లోపల సుమారు రెండు వందల ముప్పై మంది సమాధులు ఉన్నాయి, ఒక్కదానికీ గుర్తురాయి లేదు. చావులోనూ ఎవరూ ఎక్కువ కాకూడదన్నది వారి నియమం. 1874లో ఆ ప్రహరీ కట్టడానికి వాడినవి వారి పాత ప్రార్థనామందిరపు ఇటుకలే. గడ్డి తప్ప మరేమీ లేని ఆ ఆవరణలోనే అంతకు ఎన్నో శతాబ్దాల ముందరి ఆదివాసుల మట్టి దిబ్బలు కూడా ఉన్నాయి.

అక్కడి నుంచి కొద్ది దూరంలో పైకప్పు లేని చర్చి ఉంది. హ్యూస్టన్ చమురు కుటుంబంలో పుట్టి, ఓవెన్ వంశీకుడిని పెళ్ళాడి ఈ ఊరికి వచ్చిన జేన్ బ్లాఫర్ ఓవెన్, శిథిలమవుతున్న ఊరిని నిలబెట్టడానికి జీవితమంతా వెచ్చించారు. ఆమె కోరిక మీద వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్ 1960లో దీనిని కట్టాడు. నాలుగు గోడలు, పైన ఆకాశం, ఒక వైపు చెక్క పలకలు పరిచిన ముడుచుకున్న గులాబి మొగ్గలాంటి గుమ్మటం, దాని కింద జాక్ లిప్‌షిట్జ్ శిల్పం, అంతే. ప్రవేశ రుసుము లేదు. మధ్యాహ్నం పూట రాతినేల వేడికి నిలవలేము కనుక ఉదయమో సాయంత్రమో వెళ్ళాలి. ఎదురుగా ఉన్న సతతహరిత చెట్ల తోటలో తత్త్వవేత్త పాల్ టిల్లిక్ అస్థికలు ఉన్నాయి. చెట్ల కంచెలతో చేసిన చిక్కుదారి పిల్లలకు సరదాగా ఉంటుంది, పెద్దలకు పది నిమిషాలు చాలు.

నా లెక్కలో ఈ ఊరి ప్రాణం వర్కింగ్ మెన్స్ ఇన్‌స్టిట్యూట్. ఓవెన్ పిలుపు మీద 1826 జనవరిలో ఒక పడవ నిండా పండితులు వచ్చారు: భూగర్భ శాస్త్రవేత్త విలియం మక్లూర్, కీటకాలను అధ్యయనం చేసిన థామస్ సే, చిత్రకారుడూ ప్రకృతి పరిశోధకుడూ అయిన లెసూర్. సమాజం కూలిపోయినా వీరిలో కొందరు కదలలేదు. చేతులతో పనిచేసి బ్రతికేవారికి చదువు అందాలని మక్లూర్ 1838లో ఈ సంస్థను నెలకొల్పాడు, అతని వీలునామా నిధులతో ఇండియానాలో నూట నలభై నాలుగు గ్రంథాలయాలు వెలిశాయి. మొదట పుట్టిన ఇది మాత్రం రాష్ట్రంలో నిరంతరాయంగా నడుస్తున్న గ్రంథాలయాలలో అతి పురాతనమైనదిగా ఇప్పటికీ పనిచేస్తోంది. 1894 నాటి ఇటుక భవనంలో కింద పుస్తకాలు, పైన మ్యూజియం. మేము వెళ్ళినప్పుడు ఒక ముసలాయన పత్రిక చదువుతుండగా పక్కనే ఇద్దరు పిల్లలు బొమ్మల పుస్తకాలు ఎంచుకుంటున్నారు. పదేళ్ళు విజయవంతంగా నడిచిన రాప్ సమాజం ఊరికి గోడలు మిగిల్చింది. రెండేళ్ళలో కూలిన ఓవెన్ ప్రయత్నం ఇప్పటికీ ఊరివాళ్ళు వాడుకుంటున్న దానిని మిగిల్చింది. నాన్నగారు అక్కడ గంటన్నర కూర్చున్నారు.

ఇప్పటి ఊరి బ్రతుకు తేలికైనదేమీ కాదు. 1930లో నది అవతలి ఇల్లినాయ్ రాష్ట్రం వైపు తెరిచిన టోలు వంతెనను 2012లో మూసివేశారు. అదే సంవత్సరం బడి కూడా మూతపడి పిల్లలు పక్క ప్రాంతపు బడులకు వెళ్ళవలసి వచ్చింది. నది దాటి వచ్చే వాహనాలు ఆగిపోవడంతో పెద్ద వీధి దుకాణాలకు వారాంతపు సందర్శకులే దిక్కయ్యారు. అయినా సాయంత్రమైతే జనం గోల్ఫ్ బండ్లలో వీధుల్లోకి వస్తారు, ముఖం తెలియకపోయినా చెయ్యి ఊపుతారు. మేమూ ఒక బండి అద్దెకు తీసుకున్నాము. అమ్మకు ఈ యాత్రలో అన్నిటికన్నా నచ్చినది అదే. ఆ రోజుల్లో గోల్డెన్ రెయిన్ చెట్లు పూసి, రాలిన పసుపు రేకులతో కాలిబాటలు కనిపించకుండా పోయాయి.

బస విషయానికి వస్తే, మొదటి రాత్రి ఒక అద్దె ఇంట్లో దిగాము. వంటగది ఉందని ప్రకటనలో చదివి బియ్యం, పప్పు, కుక్కరు మోసుకెళితే అక్కడ ఉన్నది ఒక మైక్రోవేవ్, రెండు కప్పులు. యజమానికి ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడారు గాని పొయ్యి రాలేదు. ఆ రాత్రి పెరుగన్నం, ఆవకాయతో సరిపెట్టుకొని మర్నాడు న్యూ హార్మొనీ ఇన్‌కు మారాము. 1970ల నాటి ఆ ఇటుక భవనం సాదాగా, శుభ్రంగా, పక్కనే చెరువుతో ప్రశాంతంగా ఉంది; అద్దె ఇంటికన్నా ఖర్చు ఎక్కువే, అయినా అన్నిటికీ నడిచి వెళ్ళగలగడం వల్ల ఆ తేడా నాకు భారమనిపించలేదు.

భోజనమే అసలు లోటు. ఉన్నవి కొద్ది హోటళ్ళు, వాటిలోనూ సోమ, మంగళవారాల్లో కొన్ని తెరవరు. శాకాహారులకు సలాడు, వేయించిన బంగాళాదుంపలు, చీజ్ శాండ్‌విచ్ దాటి దొరకడం కష్టం. నది పక్కన కనుక దోమలు ఎక్కువ, సాయంత్రం తోటల్లోకి వెళ్ళేటప్పుడు పూత మందు తప్పనిసరి. గురువారం చేరి శనివారం బయలుదేరేలా చూసుకుంటే అన్నీ తెరిచి ఉన్నప్పుడు చూడవచ్చు. ఒక్క పూటలో చూసి వెళ్ళే ఆలోచన ఉంటే శ్మశానం, పైకప్పు లేని చర్చి, గ్రంథాలయం చాలు.

బయలుదేరే ఉదయం మూసిన వంతెన చూడాలని నాన్నగారు పట్టుబట్టారు. అడ్డుకట్ట దాకా కారులో వెళ్ళి, అవతలి ఇల్లినాయ్ చెట్లను కాసేపు చూసి వెనక్కి తిరిగాము. వచ్చేటప్పుడు కలిసొచ్చిన గంట తిరుగు ప్రయాణంలో పోయింది, ఇల్లు చేరేసరికి చీకటి పడింది.