మూడేళ్లు వాడిన మా గుంటూరు టులెట్ షీట్: అద్దె కాలమ్ కాదు, చివరి కాలమ్ చూడండి

ముందే చెప్పేస్తున్నా, ఇది యాప్ కాదు. యూనివర్సిటీ సీనియర్లు కొందరు నడిపే ఒక వాట్సాప్ గ్రూపు, అందులో పిన్ చేసి పెట్టిన ఒక గూగుల్ షీట్, అంతే. గుంటూరులో తక్కువలో గది కావాలనుకునే స్టూడెంట్ల కోసం. నేను 2022 నవంబరులో చేరాను, మొన్న కార్తీకంలో ఇల్లు ఖాళీ చేశాను, మధ్యలో ఏడాదిన్నర పాటు ఆ షీట్‌లో వివరాలు ఎక్కించే పని కూడా నా నెత్తినే పడింది కాబట్టి ఇక్కడ తిట్టిన తిట్లలో సగం నాకే తగుల్తాయి. ఐదుకి మూడున్నర ఇస్తాను. అందులో మూడు ఒక్క కాలమ్‌కే.

నాగార్జున యూనివర్సిటీలో పీజీ సీటు వచ్చేసరికి కౌన్సెలింగ్ అదీ అయ్యి నవంబరు అయింది. అప్పటికి ఊళ్లో ఉన్న మంచి గదులన్నీ బీటెక్ వాళ్లు, కోచింగ్ వాళ్లు ఎప్పుడో పట్టేసుకున్నారు. మూడు రోజులు బ్రాడీపేట లైన్లు తిరిగాను. (కొత్తవాళ్లకి ఒక మాట: బ్రాడీపేటలో అడ్రసు అంటే లెక్కల పేపరే, 4/5 అంటే నాలుగో లైను ఐదో అడ్డరోడ్డు, ఇది తెలియక నేను 5/4కి వెళ్లి ఎవరిదో గేటు కొట్టాను.) టులెట్ బోర్డు కనబడటం, ఫోన్ చేయడం, అవతల నుంచి "ఫ్యామిలీయా బ్యాచిలర్సా" అని అడగడం, మనం నోరు తెరిచేలోపు కట్ అవడం. బ్రోకరు దగ్గరికి పోతే చూపించడానికి 200, కుదిరితే పదిహేను రోజుల అద్దె. అప్పుడు మా డిపార్ట్‌మెంట్ సీనియర్ ఒకాయన ఈ గ్రూపులో యాడ్ చేశాడు. ఆ నెలలో షీట్ నాకు పనికొచ్చిందా అంటే, లేదు. ఉన్న నాలుగు ఖాళీల్లో రెండు ఆల్రెడీ పోయాయి, ఒకటి అమ్మాయిలకి, ఇంకొకటి ముగ్గురు ఉంటేనే ఇస్తామన్నారు, నేనొక్కణ్ణే. జూన్ దాకా హాస్టల్లోనే, ఒక గదిలో నలుగురం, బకెట్ల దగ్గర గొడవలతో సరిపెట్టుకున్నాను.

అసలు సంగతి 2023 జూన్‌లో తెలిసింది. ముగ్గురం కలిశాం, రెండు ఇళ్లు మిగిలాయి. ఒకటి నల్లపాడు రోడ్డు వైపు, అద్దె 7,000. రెండోది కొరిటెపాడులో మేడ మీద పోర్షన్, 8,500. మా ఇద్దరు రూమ్మేట్లూ ఏడువేలదానికే మొగ్గారు, ఎవరైనా మొగ్గుతారు. కానీ షీట్‌లో చివర ఒక కాలమ్ ఉంటుంది, 'ఖాళీ చేసినప్పుడు ఎంత ఇచ్చారు' అని. అది ఇల్లు వదిలిపోయేవాళ్లు మాత్రమే రాయాలి. ఏడువేల ఇంటికి ఎదురుగా పాత కుర్రాడు ఇలా రాశాడు: అడ్వాన్సు 14,000, తిరిగొచ్చింది 6,500, మిగతాది 'సున్నాలకి', అంటే గోడలకి వెల్ల వేయించడానికి. కరెంటు సబ్‌మీటర్ (ఓనరు తన మీటరు కింద పెట్టి, తనే రేటు వేసుకునేది), యూనిట్ పది రూపాయలు. మోటారుకి నెలకి 300.

కూర్చుని లెక్క వేశాం. సొంత మీటరు ఉంటే మొదటి 30 యూనిట్లకి 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, ఇలా మెట్లు మెట్లుగా ఎక్కుతుంది, 400 దాటితేనే 9.75. ముగ్గురికి నెలకి 150 యూనిట్లు అనుకుంటే ఫిక్స్‌డ్ చార్జీలు అవీ కాకుండా 567 రూపాయలు. అదే సబ్‌మీటర్ మీద 1,500. అంటే తేడా 933. సున్నాల పేరుతో పోయే 7,500ని పదకొండు నెలలకి పంచితే నెలకి 680 చిల్లర. మోటారు 300. ఏడువేల ఇల్లు కాస్తా 8,900 దాటింది! పైగా మిర్చి యార్డు దగ్గర కాబట్టి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఘాటు ఉచితం, కిటికీ తీస్తే దగ్గు. కొరిటెపాడు ఇంటికి సొంత మీటరు, ముందువాళ్లకి అడ్వాన్సులో వెయ్యి మాత్రమే కోశారు. సంతకం పెట్టేశాం. పదకొండు నెలల అగ్రిమెంటే, ఎవరూ అంతకు మించి రాయరు. అంటే పదకొండు నెలలకోసారి అద్దె పెంచే మాట రావడం ఖాయం. మాకు 8,500 కాస్తా 9,300 అయ్యి, ఆఖర్న 10,500 దగ్గర ఆగింది.

ఇల్లు దొరికింది కదా, వెళ్లి దిగేద్దాం అంటే ఆషాఢం. ఆ ఏడాది జూన్ 19 నుంచి ఆషాఢం, అది అయిపోగానే అధిక శ్రావణం, నిజ శ్రావణం వచ్చేది ఆగస్టు 17కి. రెండు నెలలు కొత్తింట్లో కాలు పెట్టకూడదని ఓనరాంటీ. "అమావాస్య లోపు పాలు పొంగించేసుకోండి బాబూ, తర్వాత ఎప్పుడొచ్చినా దోషం లేదు" అంది, బాగానే ఉంది, కాకపోతే పాలు పొంగించిన రోజు నుంచే అద్దె. గ్యాస్ బండ లేదు, స్టవ్ లేదు. మా వాడు హాస్టల్ నుంచి ఎలక్ట్రిక్ కెటిల్ పట్టుకొచ్చాడు. ఆంటీ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది, తూర్పు వైపు పొంగాలట, ప్లగ్ పాయింటేమో పడమర గోడకి. కెటిల్‌ని తిప్పి వైరు లాగి పెట్టాం. పాలు ఒక్కసారిగా లేచి మూత ఎగరగొట్టి గట్టు మీదా గోడ మీదా ప్లగ్ మీదా పడ్డాయి, టప్ మని శబ్దం, ఇల్లంతా చీకటి. మా గుండె ఆగింది. ఆంటీ మాత్రం "బాగా పొంగాయి" అని సంతోషంగా కిందికి దిగిపోయింది.

ఆ తర్వాత షీట్‌లో 'పాలు ఎప్పటిలోపు' అనే కాలమ్ నేనే పెట్టాను. నవ్వుకోండి, కానీ చాలామంది ఓనర్లు శ్రావణం రానివ్వండి అంటూ ఆషాఢమంతా ఇల్లు తాళం వేసి ఉంచుతారు. కాలేజీలు తెరిచేది సరిగ్గా అప్పుడే. జులైలో గుంటూరులో ఇళ్లు లేవని అందరూ అంటారు గానీ, నా అనుభవంలో కొన్ని ఉన్నాయి, ముహూర్తం లేదంతే.

అలాగని కొరత అబద్ధం కాదు. 2014లో రాజధాని అన్నప్పుడు ఒకసారి, సచివాలయం వెలగపూడికి వచ్చాక ఇంకోసారి అద్దెలు లేచాయని మా ఆంటీనే చెప్పేది. 2024లో అమరావతి పనులు మళ్లీ కదిలాక మూడోసారి నేనే చూశాను. మా వీధిలో రెండు ఫ్యామిలీ ఇళ్లు ఏడాదిలో పేయింగ్ గెస్ట్ హాస్టళ్లు అయిపోయాయి. ఓనర్ లెక్క ఓనర్‌ది, ఇంటికి పదివేలు వచ్చే చోట మంచానికి ఇంతని వేసుకుంటే మూడింతలు. అందులో షీట్ చేయగలిగింది ఏమీ లేదు, కొత్త గది ఒక్కటి కూడా పుట్టించదు.

ఇప్పుడు చేదు విషయం. 'ఓనరు అడిగేవి' అని ఒక కాలమ్ ఉంది. నాన్‌వెజ్, రాత్రి ఎన్నింటికి వస్తారు, ఫ్రెండ్స్ వస్తారా, అవన్నీ మామూలే. వాటి కంటే ముందు వచ్చేది "మీరేమిట్లు బాబూ?", అంటే కులమేంటని. జూనియర్ ఒకడు మే ఎండలో లక్ష్మీపురం దాకా వెళ్లి, ఇల్లు నచ్చి, అడ్వాన్సు జేబులో పెట్టుకుని నిలబడితే ఈ ప్రశ్న వచ్చింది, వాడు నిజం చెప్పాడు, "మా పెద్దబ్బాయితో మాట్లాడి ఫోన్ చేస్తాం" అన్నారు. ఆ ఫోన్ ఇప్పటికీ రాలేదు. అప్పటి నుంచి అలా అడిగే ఇళ్లకి షీట్‌లో గుర్తు పెట్టడం మొదలెట్టాను, ముందే తెలిస్తే ఎండలో పోయి మాటలు పడక్కర్లేదు కదా అని. గ్రూపులో ఒక అక్క గట్టిగా వేసుకుంది. "రాశావంటే ఒప్పుకున్నట్టే తమ్ముడూ, అలాంటి ఇల్లు మన షీట్‌లో ఎందుకుండాలి?" అంది. సరే అని తీసేశాం. 38 వరసల్లో 21 మిగిలాయి. రెండు వారాల్లో కొత్త బ్యాచ్ వచ్చి ఇళ్లు లేవో అని గోల పెడితే ఒక్కొక్కటే మళ్లీ లోపలికి వచ్చేశాయి, గుర్తులతో సహా. ఎక్కించింది నేనే. ఆ అక్క నాతో సరిగ్గా మాట్లాడటం మానేసింది, తనది తప్పని నేను అనలేను.

2024 సెప్టెంబరులో షీట్ చేతులెత్తేసింది. ఒకటో తారీఖున బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి, మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకి 11.43 లక్షల క్యూసెక్కులు. అద్దె తక్కువని సింగ్‌నగర్‌లో కింద పోర్షన్లలో ఉన్న మన కుర్రాళ్లు ఐదుగురు సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని గుంటూరు వచ్చారు. షీట్‌లో గదులున్నా ఆ రోజుకి అడ్వాన్సు ఎవరిస్తారు? గ్రూపు మాత్రం ఆ రాత్రి బంగారం. ఇద్దరు మా గదిలో, మిగతావాళ్లు ఎవరెవరి చాపల మీదో, పది రోజులు. ఆ తర్వాతే కింద ఇల్లా మేడ మీదా, వానొస్తే వీధిలో నీళ్లు ఎక్కడిదాకా అని అడగడం మొదలెట్టాం. అంతకుముందు మూడేళ్లుగా ఎవరికీ ఆ ఆలోచనే రాలేదంట.

విసుగు తెప్పించేవి ఇంకా ఉన్నాయి. ఇల్లు దొరికినవాడు ఆ రోజే గ్రూపులోంచి వెళ్లిపోతాడు, 'పోయింది' అని ఒక్క మాట కొట్టడానికి బద్ధకం, దాంతో పది ఫోన్లు చేస్తే ఆరు పాత ఖాళీలే. స్టూడెంట్ల పేరుతో బ్రోకర్లు దూరతారు. ఒకడు మూడు వేరే వేరే ఏరియాల ఇళ్లకి ఒకటే వంటగది ఫోటో పెట్టి, టోకెన్ 2,000 ఫోన్‌పే చేయమన్నాడు, ఇద్దరు చేశారు, డబ్బు పోయింది. ఇల్లు కళ్లారా చూడకుండా రూపాయి కూడా కొట్టొద్దని పిన్ మెసేజ్‌లో ఉంది, ఎవరూ చదవరు. అమ్మాయిల ఇళ్లు షీట్‌లో తక్కువ, నంబరు అందరికీ కనబడుతుందని వాళ్లు పెట్టరు, వాళ్ల గ్రూపు వేరే ఉంది, అది మాకంటే బాగా నడుస్తుందని విన్నాను. అన్నట్టు 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక తెనాలి, పొన్నూరు వైపు జూనియర్లు కొందరు గదులు ఖాళీ చేసి ఇంటి నుంచే తిరుగుతున్నారు. మూడేళ్లలో షీట్‌లో ఖాళీలు వాటంతటవే పెరగడం అప్పుడొక్కసారే చూశాను.

కాబట్టి వాడండి, కానీ అద్దె చూసి ఫోన్ చేయకండి. చివరి కాలమ్ ఖాళీగా ఉన్న ఇల్లయితే ముందున్నవాళ్ల నంబరు ఎలాగైనా పట్టుకుని, ఎంత కోశారు అని అడిగాకే వెళ్లండి. ఓనరు నంబరు కంటే అదే ముఖ్యం.

నా వరస నేను రాసేశాను. అడ్వాన్సు 17,000, తిరిగొచ్చింది 15,100. సున్నాలకి 1,500. ఇంకో 400 దేనికి అన్నా అని జూనియర్ ఒకడు నిన్న మెసేజ్ పెట్టాడు. వంటగదిలో ప్లగ్ పాయింట్ మార్పించినందుకు. ఆంటీ మర్చిపోలేదు.