చూపు తగ్గిన కోడి: మందలో ఉంచాలా, వేరుగా పెట్టాలా?

మేడ మీద నాలుగైదు నాటుకోళ్లు పెంచుకునేవాళ్లు మా విశాఖలో గోపాలపట్నం నుంచీ, పెందుర్తి నుంచీ, అరిలోవ నుంచీ నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే. అడవివరంలో మా ఇంటి ఆరేళ్ల నల్లపెట్టకి నిరుడు వానాకాలంలో రెండు కళ్లకీ తెల్లపొర కమ్మింది. దాంతో నేను రెండు పద్ధతులూ చేసి చూశాను.

ముందు ఒక్క మాట. ముఖం వాచి, ముక్కు కారుతూ చెడ్డ వాసన వస్తే కొరైజా, అంటే కోళ్ల జలుబు రోగం కావచ్చు. రెప్పల మీద, తల మీది ఎర్రజుట్టు మీద పొక్కులు లేస్తే కోళ్ల మశూచి కావచ్చు. రెండూ మిగతా కోళ్లకి అంటుకుంటాయి. ఇంక ఆలోచించేదేం లేదు, ఆ రోజే వేరుచేసి పశువైద్యశాలకి తీసుకెళ్లండి. కంటి రంగు బూడిదలా మారి, నల్లపాప గుండ్రం చెదిరిపోతే అది మారెక్స్ అనే వైరస్ రోగం లక్షణం, దాన్ని నయం చేసే మందు లేదు. రెప్ప కింద తెల్లటి గడ్డ పేరుకుంటే విటమిన్ ఎ లోపం అయి ఉండొచ్చు. ఇంట్లో మిగిలిన మందుచుక్కలు మాత్రం వేయకండి. కంట్లో పుండు ఉంటే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ఉన్న చూపునీ పోగొడతాయి.

ఇంకో కారణం మన వాతావరణంలోనే ఉంది. వానల్లో గూట్లో ఊక తడిస్తే అమ్మోనియా ఘాటు పుడుతుంది, అది కంటిని కాలుస్తుంది. మనం నిలబడి చూస్తే తెలీదు. వంగి, కోడి తల ఉండే ఎత్తులో ఒక నిమిషం ఉండి చూడండి. మీ కళ్లు మండితే ముందు మార్చాల్సింది ఊకే.

ఇక అసలు విషయం. మందలో ఉంచితే కోడికి తెలిసిన చోటు, తెలిసిన గొంతులు ఉంటాయి. ఒక్క కన్ను పోయినదైతే చాలావరకు మందలోనే నెట్టుకొస్తుంది, తల అటూ ఇటూ తిప్పుకుంటూ అలవాటు పడుతుంది. రెండూ పోతే కష్టం. దాణా వేయగానే అన్నీ మీద పడతాయి, ఎటునుంచి పొడుస్తాయో దానికి తెలీదు. నల్లపెట్టని రోజూ పొద్దున్నే కాటా మీద పెట్టేదాన్ని. రెండు వారాల్లో 1 కిలో 600 నుంచి 1 కిలో 350 గ్రాములకి దిగిపోయింది. జుట్టు నిండా పొడుపు గాట్లు.

గంప కింద ఒంటరిగా పెట్టాను. పొడుపులు ఆగాయి, తిండీ ఆగింది! ముందే నూకలు పోసి ఉన్నా మూల చూసుకుని ముడుచుకుని కూర్చునేది. చోళ్లు (రాగులు) పోశాను, గుడ్డు ఉడకబెట్టి నలిపి పెట్టాను, ముట్టలేదు. ఆ మూడు రోజులూ నాకు ఎంత టెన్షనో చెప్పలేను.

నాలుగో రోజు పక్కన స్టీలు పళ్లెంలో వేరే పెట్ట గింజలు ఏరుతుంటే, టకటకమన్న చప్పుడుకి మా నల్లపెట్ట మెడ చాచింది. తల ఒక పక్కకి వాల్చి వింది. రెండడుగులు వేసి తను కూడా నేల మీద పొడవడం మొదలుపెట్టింది. అప్పుడు తెలిసింది నాకు. కోడి ఒకదాన్ని చూసి ఒకటి తింటుంది, చూపు లేకపోతే విని తింటుంది. అందుకే పొడుపులు ఆపడం ఎంత ముఖ్యమో, తోటి కోడి చప్పుడు వినపడేలా ఉంచడం అంతకన్నా ముఖ్యం అంటాను.

కాబట్టి నా ఓటు రెంటికీ మధ్య దారికి. మందకీ దీనికీ మధ్య ఇనుప జాలీ కట్టి, ఇటువైపు ఒక్క సాధు పెట్టని తోడుంచండి. రెండింటికీ వేరువేరు స్టీలు పళ్లేలు పక్కపక్కనే పెట్టి, దాణా వేసేముందు గోటితో రెండుసార్లు కొట్టండి. నల్లపెట్ట వారం తిరక్కుండానే ఆ పిలుపు పట్టేసింది. నీళ్లకి తేలిక ప్లాస్టిక్ గిన్నె వద్దు, తన్నేస్తుంది. బరువైన మట్టి మూకుడు పెట్టి, ఆ చోటు ఎప్పటికీ మార్చకండి. మన ఎండాకాలపు ఉక్కలో ఒక్క పూట నీళ్లు దొరక్కపోయినా ప్రాణం మీదికొస్తుంది. కోడి ఎక్కి కూర్చునే దండె తీసేసి నేల మీదే మందంగా పొడి ఊక పరవండి. ఎత్తుకునే ముందు పేరు పెట్టి పిలవండి, లేకపోతే ఉలిక్కిపడి గోడకి కొట్టుకుంటుంది.

తెలిసినవాళ్లకి ఇచ్చేయడం గురించి కూడా అడుగుతుంటారు. కొత్త చోటు, కొత్త మంద గుడ్డికోడికి మరీ కష్టం, నేను ఒప్పుకోను. కూరకి కోసేయమని మా పక్కింటి పిన్నిగారు కూడా అన్నారు. అది ఎవరింటి నిర్ణయం వాళ్లది. మందులు వాడి ఉంటే మాత్రం ఎన్నాళ్లు ఆగి తినాలో డాక్టరుని అడక్కుండా కోయకండి.

నల్లపెట్ట ఇప్పుడు 1 కిలో 550 ఉంది. తోడుకి ఒక ఎర్రపెట్టని పెట్టాను, సాయంత్రం ఓ గంట దాన్ని బయటికి వదిలి మళ్లీ లోపలికి తెస్తాను. మీరు మాత్రం తోడుగా పుంజుని పెట్టకండి. చూపులేని పెట్ట తప్పించుకోలేదు, పుంజు దాని వీపు చీరేస్తుంది.